నోటీసులో రాసిన సెలవు

మూడో అంతస్తు, టీ గది
ఫిబ్రవరి 11

పిన్నీ,

నువ్వు చెప్పినట్టే రాస్తున్నాను. ఫోన్లో నా నోటి నుంచి "ఆ", "ఊ" తప్ప రాదని, నాతో మాట్లాడే బదులు గోడతో మాట్లాడితే అదైనా కాస్త సున్నం రాలుస్తుందని తిట్టావు కదా. అందుకే కాగితం తీశాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే నవ్వుకో గానీ ఎవరికీ చూపించకు.

నీ చోట్లో చేరి రెండున్నర నెలలయింది. ఉదయం ఏడింటికి ఊడ్చే అక్కలిద్దరితో పాటు లోపలికి వస్తాను. పదింటికి మొదటి టీ, ఎనభై నాలుగు కప్పులు. ఆ తరవాత ఫైళ్లు, పైనుంచి కిందికి, కింది నుంచి పైకి. లిఫ్టు మనకు కాదు కాబట్టి మెట్లే. నీ మోకాళ్లు ఎందుకు పోయాయో నా మోకాళ్లకు తెలిసొచ్చింది. ఎవరికి చక్కెర వద్దో నువ్వు రాసిచ్చిన చీటీ ఇంకా స్టవ్వు వెనకాలే అంటించి ఉంది. దాన్ని చూసే బతుకుతున్నాను.

ఇంట్లో అత్తకి కళ్లలో శుక్లాలు బాగా ముదిరాయి. మొన్న గిన్నె అనుకుని మంట మీదే చెయ్యి పెట్టింది. బొబ్బలెక్కితే "ఏం లేదులే" అని కొంగులో దాచుకుంది. మీ అల్లుడు లారీ ఎక్కితే పదిహేను రోజులకు గానీ ఇల్లు చూడడు. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక్కరోజు సెలవు అడుగుదామని సూపరింటెండెంటు గారి గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ "టీ కావాలా అండీ" అని అడిగి వచ్చేశాను. పాపం, ఆయన మూడు టీలూ తాగారు.

ఎలా అడగాలో నువ్వే చెప్పు.

నీ అక్క కూతురు


కూతురింటి వరండా, కుట్టుమిషను పక్కన
ఫిబ్రవరి 19

మా మూగనోము పిల్లకి,

ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ గుండీ బదులు వేలు కుట్టుకున్నాను. నీ కడుపులో ఇన్ని మాటలున్నాయా!

ఆయనకి ఎర్రకలం అని పేరు పెట్టింది నేనే. ఎవరి తప్పు కనిపించినా ఆ కలం తీస్తాడు. పదకొండున్నరకి అడగకు, అప్పుడు ఆకలి మీద ఉంటాడు. భోజనం డబ్బాకి మూత పెట్టాక వెళ్లు. సెలవు మాట ముందే ఎత్తకు. ముందు "తప్పు నాదేనండీ" అను. ఏ తప్పో వెతుక్కోవడంలో కాస్త మెత్తబడతాడు. అప్పుడు అడుగు.

ఏప్రిల్‌లో మన దినం వస్తుంది. సహాయక సిబ్బంది అభినందన దినం అంటారు. పైఆఫీసు నుంచి పెద్దవాళ్లు వస్తారు, కేకు కోస్తారు, మనకి తలా ఒక కప్పు ఇస్తారు. ధన్యవాదాల కాగితం ఒకటి వాళ్లే రాసిస్తారు. ఇన్నేళ్లూ నేను చదివాను, ఇప్పుడు నిన్ను చదవమంటారు. భయపడకు. తలెత్తినప్పుడు మనుషుల వైపు కాకుండా గోడ గడియారం వైపు చూడు, ముళ్లు నిన్నేమీ అనవు. ఇంతకుమించి ఆ రోజు గురించి ఎవరినీ ఏమీ అడగకు. పదకొండేళ్లుగా నడుస్తోంది, నడవనీ.

అత్త చేతికి ఏమైనా రాస్తున్నావా?

పిన్ని


మూడో అంతస్తు, టీ గది
మార్చి 9

పిన్నీ,

అడిగేశాను! డబ్బా మూత పడ్డాక వెళ్లి "తప్పు నాదేనండీ" అన్నాను. "ఏది, కిటికీ అద్దమా?" అన్నారు. అద్దం పగిలిందని నాకు అప్పుడే తెలిసింది. పోనీలే, ఒప్పుకున్నాను. తరవాత అత్త సంగతి చెప్పాను.

"ఏడాది నిండనివాళ్లకి మామూలు సెలవులుండవమ్మా. ఏప్రిల్ ఇరవై మూడున మీ అందరికీ ప్రత్యేక సెలవు ఇస్తున్నాం కదా, ఆ రోజు చూసుకో" అన్నారు.

నోటీసు కూడా బోర్డు మీద పెట్టారు. కూడబలుక్కుని చదివాను. "సహాయక సిబ్బంది సేవలను గుర్తిస్తూ ఏప్రిల్ 23న వారికి సెలవు ప్రకటించడమైనది." కింద సంతకం, దాని మీద ముద్ర.

వెంటనే కంటి ఆసుపత్రి వాళ్లతో ఆ తేదీకే మాట్లాడి వచ్చాను. కుడికన్నుకి ముందు చేస్తారట. ఉదయం ఏడింటికి రమ్మన్నారు, పక్కన ఒక ఆడమనిషి రోజంతా ఉండాలన్నారు. చెబితే అత్త ఎంత సంబరపడిందో! "నిన్ను కోడలిగా తెచ్చుకునేప్పటికే నాకు మసక. నువ్వెలా ఉంటావో ఇంతవరకు సరిగ్గా చూడనే లేదే" అంది.

ఒక్క సందేహం. మనకి సెలవైతే ఆ ధన్యవాదాల కాగితం ఎప్పుడు చదవాలి? ముందురోజా?

నీ అక్క కూతురు


కూతురింటి వరండా
మార్చి 15

పిచ్చిదానా,

ఎంత పని చేశావే! ఆ తేదీ వెంటనే మార్పించుకో.

సెలవంటే ఇంట్లో ఉండటం కాదు. ఆ రోజు ఆరింటికల్లా ఆఫీసులో ఉండాలి. పెద్ద హాల్లో కుర్చీలు వెయ్యాలి, బల్లల మీద గుడ్డలు పరవాలి, పూలు సర్దాలి, అందరికీ టీలు, కేకు ముక్కలు అందించాలి. పేరు పిలిచినప్పుడు చెయ్యి కొంగుకి తుడుచుకుని వేదిక ఎక్కి కప్పు తీసుకోవాలి, దిగి వచ్చి మళ్లీ ట్రే పట్టుకోవాలి. అందరూ వెళ్లాక కప్పులు కడిగి, ఊడ్చి, తాళాలు వెయ్యాలి. మామూలు రోజుకి రెండింతల చాకిరీ. హాజరు పుస్తకంలో మాత్రం మన పేర్లకి ఎదురుగా "సెలవు" అని ఉంటుంది. అది అంతే. ఎందుకని అడగకు. నువ్వు కొత్త, పైగా నా మాట మీద తీసుకున్నారు నిన్ను. పోగొట్టుకోకు.

ఉత్తరం అందగానే ఆసుపత్రికి వెళ్లు.

పిన్ని


మెట్ల కింది గది, భోజనం వేళ
మార్చి 28

పిన్నీ,

వెళ్లాను. ఆ డాక్టరమ్మ దగ్గర ఇంకో తేదీ ఆగస్టు చివర్లో గానీ లేదట. ఆగస్టు దాకా అత్త ఎన్నిసార్లు చెయ్యి కాల్చుకోవాలి? ఉన్న తేదీని కదపకుండా వచ్చేశాను.

ఆ తరవాత ఆయన దగ్గరికి వెళ్లాను. ఈసారి తప్పు నాదనలేదు.

"సార్, ఇరవై మూడున అత్తకి కంటి ఆపరేషనండీ. మీరే ఆ రోజు చూసుకోమన్నారు."

"చూసుకో. సాయంత్రం ఫంక్షనయ్యాక చూసుకో. పొద్దున రావాలి కదా."

"సెలవు కదండీ?"

"సెలవేనమ్మా. సెలవని రాకపోతే ఎలా?"

నాకు అర్థం కాలేదు పిన్నీ. నిజంగా అర్థం కాకే అక్కడ నిలబడిపోయాను, పొగరుతో కాదు. ఆయనకి పొగరులా కనిపించినట్టుంది. "ఇరవై మూడున రాకపోతే ఇరవై నాలుగున కూడా రానక్కర్లేదు" అని కలం తీశారు.

 మెట్ల కింది గదిలోకి వచ్చి కూర్చున్నాను. లిఫ్టు అన్న, వాచ్‌మన్ బాబాయ్, అక్కలిద్దరూ అన్నాలు తింటున్నారు. పెద్దక్క నా మొహం చూసి "ఎవరేమన్నారే?" అంది. జరిగింది చెప్పాను. నోటీసులో ఏముందో చదివి వినిపించాను. ఇన్నేళ్లలో దాన్ని వాళ్లకి ఎవరూ చదివి చెప్పలేదట!

"సెలవనే రాసుందా? ఒట్టు?" అంది చిన్నక్క.

"ఒట్టు. ముద్ర కూడా ఉంది."

"మరి నేను పదకొండేళ్లుగా సెలవు పెట్టి ఊడుస్తున్నానా?" అని పెద్దక్క ముద్ద పక్కన పెట్టేసింది.

అప్పుడు వాచ్‌మన్ బాబాయ్ ఒక మాటన్నాడు. "మొదట్లో లోపలికెళ్లి మాట్లాడింది మీ పిన్నే. ఏం మాట్లాడుకున్నారో ఆవిణ్ణే అడగాలి."

అందుకే అడుగుతున్నాను. ఏం మాట్లాడావు పిన్నీ?

మీ అల్లుడికి ఫోన్‌లో చెప్పాను. లారీ పక్కకి ఆపాడు. తరవాత "ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుందాం. అమ్మకి ఇంకో జత కళ్లు ఎక్కడ వెతుకుతాం?" అన్నాడు. నేను ఇరవై మూడున ఆఫీసుకి వెళ్లను.

నీ అక్క కూతురు


కూతురింటి వరండా
ఏప్రిల్ 6

నీకు,

నీ ఉత్తరం చూసి మొదట ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న వచ్చి నన్ను నిలదీస్తావా అని రెండు కాగితాలు తిట్లు రాశాను. చించేశాను. ఇది మూడోది.

పదకొండేళ్ల కిందట టీ ట్రేతో మెట్ల మీద జారి పడ్డాను. ఆరు వారాలు మంచం దిగలేదు. తిరిగి వచ్చాక ఐదుగురం కలిసి అర్జీ పెట్టాం, ఆదివారాలు కాక నెలకి ఒక్కరోజు సెలవు కావాలని. ఎర్రకలం నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. ఆ ఆఫీసులో నేను తుడవని కుర్చీ లేదు, కూర్చున్న కుర్చీ మాత్రం అదొక్కటే. "నెలకోటి కుదరదు. ఏడాదికోటి ఇస్తాం, వేడుకగా చేస్తాం. కాకపోతే ఆ రోజు మీరే వచ్చి ఏర్పాట్లు చూసుకోవాలి" అన్నాడు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడుతున్నాడన్న మైకంలో తల ఊపేశాను. బయటికొచ్చి నలుగురితో "సాధించాను" అని చెప్పాను. ఆ రోజు సెలవని గానీ, దానికో షరతుందని గానీ చెప్పలేదు. ఏటా ఒకరోజు వేడుక చేసి మనల్ని గౌరవిస్తారు, మనమే దగ్గరుండి చేసుకుంటే బాగుంటుందన్నాను. నమ్మారు.

ఇంకొకటి ఉంది. ఆ రోజుని మన జబ్బు సెలవుల్లోంచే కోస్తారు. రెండేళ్ల తరవాత తెలిసింది నాకు. అదీ చెప్పలేదు. అప్పటికి మూడోసారి ధన్యవాదాలు చదవబోతున్నాను, ఏ మొహంతో చెప్పను? ఇంట్లో కప్పులు వరసగా పేర్చి ఉన్నాయి. "మీరే మా బలం" అని ఉంటుంది వాటి మీద. ఒక్కదాంట్లోనూ టీ తాగబుద్ధి కాలేదు.

నిన్ను నోరెత్తకు అన్నది నీ ఉద్యోగం కోసమే అనుకున్నాను. సగమే నిజం. మిగతా సగం నా పరువు.

నీ అత్త కన్ను కంటే నా పరువు ఎక్కువ కాదు. వాళ్లకి ఈ ఉత్తరం చదివి వినిపించు. తిట్టనీ.

పిన్ని


ఇంటి అరుగు మీద
ఏప్రిల్ 26

పిన్నీ,

చదివి వినిపించాను. పెద్దక్క తిట్టింది. చాలాసేపు తిట్టింది. ఆఖర్న "కుర్చీ వేస్తే నేనైనా తలూపేదాన్నే, ముదనష్టపు కుర్చీ" అంది. నేను ఎవరినీ నాతో రమ్మనలేదు. నాకు ఆపరేషన్ ఉంది, వాళ్లకి లేదు. అంతే చెప్పాను.

ఇరవై రెండు సాయంత్రం టీ గది తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టాను. కప్పులు ఏ బీరువాలో ఉన్నాయో, చక్కెర ఎవరికి వద్దో చీటీ రాసి దాని కింద ఉంచాను. మనం పని ఎగ్గొట్టామనకూడదు కదా.

ఇరవై మూడున అత్తని లోపలికి తీసుకెళ్లారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఆయనే.  అయినా ఎత్తాను.

"ఎక్కడున్నావ్?"

"సెలవులో ఉన్నానండీ."

"సెలవేంటి? ఒక్కరూ రాలేదిక్కడ! కుర్చీలెవరు వేస్తారు?"

మిగతావాళ్లు కూడా వెళ్లలేదని నాకు అప్పుడే తెలిసింది. 

"నాకు తెలియదండీ. ఇవాళ నాకు సెలవు" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచక ఫోన్ పెట్టేశాను. ఫోన్లో నేను మాట్లాడిన మాటల్లో అవే పొడుగైనవి. నీతో కూడా అన్ని మాట్లాడలేదు.

తొమ్మిదింటికి చూద్దును కదా, నలుగురూ ఆసుపత్రి గేటులోంచి వస్తున్నారు. లిఫ్టు అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "ఇంట్లో కూర్చుంటే ఏం చెయ్యాలో తోచలేదమ్మా. సెలవంటే అలవాటు లేదు" అన్నాడు వాచ్‌మన్ బాబాయ్. బెంచీ నిండా కూర్చున్నాం. ఒకావిడ వచ్చి మా కాళ్ల కింద తుడుస్తుంటే పెద్దక్క కాళ్లు పైకెత్తి "నీకెప్పుడమ్మా సెలవు?" అని అడిగింది. ఆవిడ కర్ర గోడకి ఆనించి వేళ్ల మీద లెక్కపెట్టబోయి, మళ్లీ కర్ర తీసుకుంది.

ఆఫీసులో జరిగింది టైపు మేడం చెప్పింది. సగం కుర్చీలే వేశారట, అవీ ఆఫీసర్లే మోశారట. ఒకాయనకి నడుం పట్టేసింది. కప్పులు ఎప్పుడూ ఉండే బీరువాలోనే ఉన్నాయి, ఎవరికీ కనిపించలేదు. నా చీటీ ఎవరూ చదవలేదు కాబోలు. పైఆఫీసు పెద్దమనిషి వచ్చి "అభినందన ఎవరికి?" అని అడిగారట. సహాయక సిబ్బందికి అన్నారు. "ఏరీ వాళ్లు?" అన్నారట. అంతమంది ముందు ఎర్రకలం గారు లేచి నిలబడి, "సెలవులో ఉన్నారు సార్" అని చెప్పాల్సొచ్చింది.

మర్నాడు పనికి వెళ్లాం. ఇరవై నాలుగున రావద్దన్నారు కదా, గేటు దగ్గర ఆపుతారేమో అనుకున్నాను. ఆపడానికి గేటు దగ్గరున్నది మన బాబాయే. లోపల మాత్రం ఐదుగురికీ తలా ఒక కాగితం ఇచ్చారు. అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు క్షమించమని రాసి ఉంది. మే నాలుగు, సోమవారంలోగా సంతకాలు పెట్టాలి, లేకపోతే పనిలోంచి తీసేస్తారట.

అత్త కట్టు ఇరవై నాలుగు సాయంత్రం విప్పారు. రెప్పలు కొట్టుకుంటూ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఇంత బక్కపిల్లవా! వంటింట్లో గిన్నెల చప్పుడు విని దిట్టంగా ఉంటావనుకున్నానే" అంది.

సంతకం పెట్టను పిన్నీ. నువ్వేమంటావు?

నీ అక్క కూతురు


కూతురింటి వరండా
ఏప్రిల్ 29

నోరున్న పిల్లకి,

పెట్టకు.

దీంతోపాటు ఇంకో కాగితం పంపుతున్నాను. అందులో నా పేరు, పని చేసిన ఏళ్లు, ఆ గదిలో ఆ రోజు ఏం మాట్లాడుకున్నామో అంతా ఉంది. పదకొండుసార్లు నేను హాజరై పని చేసిన రోజుని పుస్తకంలో సెలవని రాశారని, ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతానని రాసి సంతకం పెట్టాను. మా అల్లుడు చదివి "ఎందుకత్తయ్యా, పాత గొడవలు" అన్నాడు. గొడవ ఇప్పుడే మొదలైంది నాయనా, నువ్వెళ్లి తపాలాలో వేసి రా అన్నాను.

పిన్ని


మూడో అంతస్తు, టీ గది
మే 5

పిన్నీ,

నీ కాగితం శనివారమే అందింది. నిన్న సోమవారం కదా, ఐదుగురం కలిసే ఆయన గదిలోకి వెళ్లాం. మాట్లాడటానికి లిఫ్టు అన్న ఒప్పుకున్నాడు. తీరా లోపలికి వెళ్లాక నన్ను మోచేత్తో ముందుకి నెట్టాడు. అందరూ నా వైపే చూశారు.

"సంతకాలు తెచ్చారా?" అన్నారాయన.

"లేదండీ."

హాజరు పుస్తకం తెరిచారు. ఇరవై మూడు కింద ముందే రాసి పెట్టిన "సెలవు" ఐదుసార్లు కనిపిస్తోంది. "ఇది కొట్టేసి గైర్హాజరు అని రాస్తున్నాను" అని ఎర్రకలం మూత తీశారు.

పిన్నీ, అక్కడ గోడకి గడియారం ఉంది. నేను దాని వైపు చూడలేదు. ఆయన వైపే చూశాను.

"రాయండి సార్. ఆ రోజు మేం రాకపోతే గైర్హాజరైతే, అది సెలవు కాదన్నమాట. అప్పుడు పదకొండేళ్లుగా వచ్చిన రోజులు కూడా సెలవులు కావు. వాటిని కూడా కొట్టేసి హాజరని రాయండి. జబ్బు సెలవుల్లోంచి కోసినవన్నీ తిరిగి ఇప్పించండి. మొదట్నుంచీ దిద్దుదాం, పాత పుస్తకాలు నేను మోసుకొస్తాను."

"ఎవరు చెప్పారు నీకిదంతా?"

నీ కాగితం బల్ల మీద పెట్టాను. చదివారు. రెండోసారి చదివారు. కలం చేతిలోనే ఉంది గానీ కాగితం మీద వాలలేదు.

"ఇది పైవాళ్లకి పంపాల్సి వస్తుంది. మీ అందరికీ ఇబ్బంది" అన్నారు.

"పంపండి సార్. నకలు మా దగ్గర ఉంది, మీరు పంపకపోతే మేం పంపుతాం" అంది వెనక నుంచి పెద్దక్క. నకలు సంగతి నాకే తెలియదు. టైపు మేడం చేత తీయించిందట!

పుస్తకం మూసేశారు. "వెళ్లి పని చూసుకోండి" అన్నారు. పై నుంచి ఏమొస్తుందో తెలియదు. తీసేయనూవచ్చు. ఆ ధన్యవాదాల కాగితం మాత్రం ఇక మాలో ఎవరూ చదవరు. అది కూడా అప్పుడే చెప్పేశాం.

నిన్న సాయంత్రం అత్తని మళ్లీ చూపించాను. ఎవరో మానుకున్నారట, ఆ ఖాళీలో ఎడమకన్నుకి తేదీ ఇచ్చారు, జూన్ పదిహేడు. ఏ దినమో అని క్యాలెండర్‌లో చూశాను. ఏ దినమూ కాదు, ఉత్త బుధవారం. సెలవు అర్జీ ఇవాళే రాసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. టీ కావాలా అని మాత్రం అడగలేదు.

నీ అక్క కూతురు